మాట్లాడితే ఏం తగ్గుతుంది?

"ముక్కూ మొహం తెలియని మనిషి ముందు గంటసేపు కూర్చుని నీ కష్టాలన్నీ చెప్పుకుని, పైగా పదిహేను వందలు ఎదురిచ్చి వస్తావా? అవేవో నాకు చెప్పు, నేను ఊరికే వింటా." థెరపీకి వెళ్తున్నానని చెప్పినప్పుడు సూర్యాపేట బావ అన్న మాట ఇది. వేళాకోళానికే అన్నాడు కానీ అందులో గట్టి ప్రశ్నే ఉంది. మాట్లాడితే తగ్గిపోయేదైతే మన ఇళ్లల్లో ఎవరికీ ఏ దిగులూ ఉండకూడదు కదా, పెళ్లిళ్లలో మాటలే, చావుల్లో మాటలే, ఫోన్ పెట్టేస్తున్నా అని చెప్పాక కూడా ఇంకో ఇరవై నిమిషాలు మాటలే. మరి డబ్బిచ్చి మాట్లాడే మాటల్లో ఏముంది?

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. పద్నాలుగు సెషన్లు కూర్చున్నాక, ఆ తర్వాత దొరికిందల్లా చదివాక ఇప్పుడు కొంత ఉంది. మనం ఏళ్ల తరబడి దేన్నుంచి తప్పించుకు తిరుగుతున్నామో దాని దగ్గరికి, ఒక మనిషి తోడుగా, కొంచెం కొంచెంగా వెళ్లడమే థెరపీలో అసలు పని, మాటలు దానికి పనిముట్లు. భయమైనా, పాత గాయమైనా, మొగుడూపెళ్లాల మధ్య మాట తెగిపోవడమైనా, మూడూ వేరువేరుగా కనిపిస్తాయి కానీ తవ్వుకుంటూ పోతే చాలాసార్లు అడుగున ఈ తప్పించుకోవడమే తగులుతుంది.

ముందు పేర్ల సంగతి. ట్రామా అంటే మనకు హైవే పక్కన ట్రామా కేర్ సెంటర్ బోర్డు గుర్తొస్తుంది, కాళ్లూ చేతులూ విరిగినవాళ్లను తీసుకెళ్లే చోటు. అదేం తప్పు కాదు, గ్రీకులో ఆ మాటకు గాయమనే అర్థం, మనసు గాయానికీ దాన్నే వాడుతున్నారు. యాంగ్జైటీని పుస్తకాల్లో ఆందోళన అంటారు, కానీ పేపర్లో ఆందోళన అంటే కలెక్టరేట్ ముందు ధర్నా. మన నోట్లో తిరిగే మాటలు వేరే ఉన్నాయి: గుండె దడ, గాభరా, కడుపులో తిప్పుతోంది, ఏదో అయిపోతుందనిపిస్తోంది. నాకు బాగా నచ్చే మాట దడుపు. పిల్లాడు కుక్కను చూసి దడుచుకుంటే దడుపు జ్వరం వచ్చిందనేవాళ్లు, తాయెత్తు కట్టించేవాళ్లు. కుక్క ఎప్పుడో వెళ్లిపోయింది, భయం మాత్రం పిల్లాడి ఒంట్లో ఉండిపోయింది అనే గ్రహింపు ఆ మాటలో ఉంది. మందు సంగతేమో గానీ జబ్బును మాత్రం మన అమ్మమ్మలు సరిగానే పట్టుకున్నారు.

నా దడుపు లారీలది. సంక్రాంతికి స్నేహితుడి కారులో వెళ్తున్నాం, వాడు నడుపుతున్నాడు, చౌటుప్పల్ దాటాక ఎదురుగా లారీ. ఇద్దరం బతికాం. నాకు ఎడమ చెయ్యి విరిగింది, ఆరువారాల్లో కట్టు విప్పేశారు, ఎక్స్‌రే చూసి పర్ఫెక్ట్ అన్నారు. అక్కడితో అయిపోవాలి. కానీ రాత్రిళ్లు రోడ్డు మీద హారన్ వినిపిస్తే లేచి కూర్చునేవాణ్ని. కారు మానేశాను, తర్వాత బస్సూ మానేశాను. ఎక్కడికైనా రైలే. సూర్యాపేటకు రైలు లేదు, కాబట్టి అక్క వాళ్లింటికి వెళ్లడమే మానేశాను, ఆఫీసులో పని ఉందనేవాణ్ని. గొడవంతా ఇలా అబద్ధాల మీద నడుస్తుంది. బయటివాళ్లకు కనిపించేది భయం కాదు, 'వీడు ఈ మధ్య మారిపోయాడు' అనేదే. ఏడాదిన్నరలో అక్కకూ నాకూ మధ్య పలకరింపులు కూడా పొడిపొడి అయిపోయాయి. ట్రామా, యాంగ్జైటీ, సంబంధాల గొడవ అని మూడు డబ్బాలుగా రాస్తారే, నా విషయంలో మూడూ ఒకే డబ్బా.

భయపడేదాన్నుంచి తప్పుకోగానే ఒళ్లు తేలికపడుతుంది. బస్సెక్కకుండా ఇంటికి తిరిగొచ్చేస్తే, అబ్బా, ఆ హాయి చెప్పలేం. భయానికి మనం ఇచ్చే కూలి ఆ హాయే. కూలి దొరికిన చోటికి ఎవరైనా మళ్లీ వస్తారు, భయం కూడా అంతే. పైగా, బస్సెక్కి ఉంటే ఏమయ్యేదో తెలుసుకునే అవకాశం మెదడుకు ఎప్పటికీ రాలేదు, కాబట్టి బస్సెక్కకపోవడం వల్లే బతికానని అది లెక్క రాసేసుకుంటుంది. ఈసారి బస్సు, వచ్చేసారి ఆటో, ఆ తర్వాత రోడ్డు దాటడం. భయం జాగా ఎలా పెంచుకుంటుందంటే, పక్కవాడి స్థలంలోకి ఏటా అర అడుగు గోడ జరుపుకునే మనిషిలా.

పానిక్ అటాక్‌లో ఇది ఇంకా తమాషాగా ఉంటుంది, అనుభవించేవాడికి కాదనుకోండి. మెట్లెక్కితే గుండె కొట్టుకుంది. 'హార్ట్ అటాకా?' అన్న ఆలోచన వచ్చింది. ఆ ఆలోచనకు భయపడి అడ్రినలిన్ ఊరింది, గుండె ఇంకా కొట్టుకుంది, చూశావా నేను చెప్పలేదా అని ఆలోచన ఇంకా గట్టిపడింది. ఈ గానుగ తిరిగి తిరిగి కొద్ది నిమిషాల్లోనే తారస్థాయికి చేరుతుంది, తర్వాత దానంతటదే దిగుతుంది. కానీ దిగేలోపు మనిషి క్యాజువాలిటీలో ఉంటాడు, ఈసీజీ తీస్తారు, టూడీ ఎకో తీస్తారు, నార్మల్ అంటారు, గ్యాస్ ట్రబుల్ అని మాత్ర రాస్తారు. (మొదటిసారి ఛాతీలో నొప్పి వస్తే మాత్రం ముందు గుండె డాక్టర్ దగ్గరికే వెళ్లండి, థైరాయిడ్ కూడా చూపించుకోండి, పానిక్ అని మనకు మనమే తేల్చేసుకోకూడదు.) అక్కణ్నుంచి జాగ్రత్తలు మొదలవుతాయి. జేబులో నాలుక కింద పెట్టుకునే మాత్ర, చేతిలో వాటర్ బాటిల్, సినిమా హాల్లో తలుపు పక్క సీటు, ఎక్కడికెళ్లినా దగ్గర్లో ఏ హాస్పిటల్ ఉందో చూసుకోవడం. ఇవన్నీ తెలివైన జాగ్రత్తల్లాగే కనిపిస్తాయి, నిజానికి తప్పించుకోవడానికి ఇంకో పేరు. మాత్ర జేబులో ఉంది కాబట్టే బతికాననుకుంటాడు మనిషి, మాత్ర వేసుకోకపోయినా సరే.

దీనికి థెరపిస్టు చేసే పని చూస్తే నవ్వొస్తుంది. గుండె దడకు భయపడేవాడితో గదిలోనే అక్కడికక్కడే పరిగెత్తిస్తారు. తల తిరగడానికి భయపడేవాణ్ని కుర్చీలో గిరగిరా తిప్పుతారు. ఊపిరాడదేమోనని భయపడేవాడికి స్ట్రా ఇచ్చి ముక్కు మూసుకుని దానితోనే ఊపిరి తీసుకోమంటారు. గుండె దడదడలాడుతుంది, ఏమీ కాదు. ఇంకోసారి. ఏమీ కాదు. 'గుండె వేగంగా కొట్టుకుంటే ప్రమాదం లేదు' అని వంద పుస్తకాలు చెప్పినా ఒంటికి ఎక్కదు, ఒళ్లు తానుగా చూసుకోవాలి.

ఈ దారిలో మొదట నడిచినవాళ్లలో జోసెఫ్ వోల్పే ఒకడు. దక్షిణాఫ్రికా డాక్టరు, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేస్తూ యుద్ధానికి దెబ్బతిన్న సైనికులకు మందులతో ఏమంత ఒరగడం లేదని చూశాడు. భయాలను మెట్లు మెట్లుగా పేర్చి, కింది మెట్టు నుంచి ఎక్కించే పద్ధతి 1958లో పుస్తకంగా వేశాడు. భయాన్ని సున్నా నుంచి వంద దాకా అంకెలో చెప్పమనడం కూడా ఆయన పెట్టిందే. అమెరికాలో ఆరన్ బెక్ అనే మనోవైద్యుడు ఫ్రాయిడ్ మానసిక విశ్లేషణ పద్ధతిలో శిక్షణ పొంది, 1960ల్లో దాన్నుంచి పక్కకు జరిగి, మనిషికి తనంతట తాను వచ్చిపోయే ఆలోచనలను పట్టుకుని 'దీనికి సాక్ష్యమేంటి' అని అడగడం మొదలెట్టాడు. ఈ రెండు పాయలూ కలిస్తే వచ్చిందే ఇవాళ అందరూ చెప్పే సీబీటీ, అంటే ఆలోచననూ ప్రవర్తననూ కలిపి మార్చే థెరపీ. మాటల వైద్యం కథ ఇంకా పాతది, 1880ల్లో వియన్నాలో బ్రాయర్ అనే డాక్టరు దగ్గర బెర్తా పాపెన్‌హైమ్ అనే యువతితో మొదలైంది, ఆ పేరు పెట్టింది కూడా వైద్యుడు కాదు, ఆమే. అది మన దేశానికి కొత్త కూడా కాదు, గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే కలకత్తాలో మానసిక విశ్లేషణ సంఘం పెట్టి, ఫ్రాయిడ్‌తో ఉత్తరాల్లో వాదించాడు కూడా.

సరే, నా గదికి వద్దాం. దానికి ముందు ఇంకో గది ఉంది, అది చెప్పాలి. మొదట వెళ్లిన చోట కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్నాయన నేను రెండు వాక్యాలు చెప్పేలోపే "మీరు పాజిటివ్‌గా ఆలోచించాలి" అన్నాడు, మిగతా నలభై నిమిషాలూ ఆయనే మాట్లాడాడు, లేస్తుంటే జాతకం చూపించుకున్నారా అని అడిగాడు. ఆరు నెలలు మళ్లీ ఎవరి దగ్గరికీ వెళ్లలేదు.

రెండోది మెడికల్ షాపు పైన ఒక గది. రెండు కుర్చీలు, టిష్యూ డబ్బా, గోడ గడియారం నా వెనకాల, థెరపిస్టావిడకు మాత్రమే కనిపించేలా. మొదటి రెండు సెషన్లూ ప్రశ్నలే, నిద్ర, తిండి, తాగుడు, చచ్చిపోవాలనిపించిందా, ఇంట్లో ఎవరెవరున్నారు. మూడోసారి కాగితం తీసి నా భయాలకు అంకెలు వేయించింది. ఫోన్లో లారీ హారన్ వినడం నలభై. ఎల్బీ నగర్లో విజయవాడ బస్సులు ఆగేచోట పదిహేను నిమిషాలు నిలబడటం యాభై. సిటీ బస్సులో కుడివైపు కిటికీ పక్కన డెబ్భై. చౌటుప్పల్ దాకా వెళ్లి రావడం తొంభై అయిదు. "వంద?" అంది. వంద ఏంటో నాకు తెలుసు, చెప్పలేదు. ఆమె రెట్టించలేదు, అక్కడ గీత గీసి ఖాళీగా వదిలేసింది.

హారన్ ఆడియో మొదటిసారి మూడు నిమిషాలు విన్నాను, చెమటలు. ప్రతి నిమిషానికీ "ఇప్పుడెంత?" అని అడుగుతుంది, అంకె చెప్పాలి. నలభై అన్నది అరవై అయింది, తర్వాత యాభై అయిదు, పన్నెండో నిమిషంలో ముప్ఫై. ఆ వారమంతా ఇంట్లో రోజూ అదే వినడం. నాలుగో రోజుకు విసుగొచ్చింది. ఆమెకు ఆ సంగతి చెప్తే తెగ సంతోషపడింది, విసుగు రావడం కన్నా మంచి కబురు ఉండదట.

వంద సంగతి ఆరో సెషన్లో బయటికొచ్చింది. ఆమె కళ్లు మూసుకుని ఆ రాత్రి సంగతి మొదట్నుంచి చెప్పమంది, అదీ జరుగుతున్నట్టుగా. నేను "లారీ వచ్చింది" అంటే "వస్తోంది అనండి" అనేది. "వచ్చింది" అన్నంతసేపూ అది ఎవరికో జరిగిన కథ. "వస్తోంది" అనగానే నోరు ఎండిపోయింది. మూడోసారి చెప్తున్నప్పుడు, అంతకుముందు రెండుసార్లూ దాటేసిన ఒక మాట నోట్లోంచి జారింది: "దాటెయ్ రా, ఎంతసేపు వీడి వెనకాల, అంటున్నాను." ముందు వెళ్తున్న ట్రాలీని దాటెయ్యమన్నది నేను. అందుకే వాడు కారు బయటికి తీశాడు. ఇది పోలీసులకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు, మేం ఇద్దరం కూడా ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇదే నేను బావకు చెప్పి ఉంటే? బావ బంగారం. "ఛీ ఛీ, అదేం మాట, నీ తప్పేం లేదు, వదిలెయ్" అని మొదటి నిమిషంలోనే అనేసేవాడు, భుజం తట్టేవాడు, టీ చెప్పేవాడు. నేనూ "అంతేలే బావా" అనేవాణ్ని. ముచ్చట అక్కడితో మూసుకుపోయేది. మనవాళ్లు మన బాధ చూడలేరు, అది ప్రేమే, కానీ చూడలేరు కాబట్టి త్వరగా మూత పెట్టేస్తారు, అంటే వాళ్లు కూడా మనతో కలిసి తప్పించుకుంటారు. ఆమె మాత్రం 'నీ తప్పు లేదు' అని ఆ రోజు అనలేదు, ఆ తర్వాతి వారం కూడా అనలేదు. "ఎంత తప్పు మీది, ఎంత మీ స్నేహితుడిది, ఎంత హెడ్‌లైట్లు డిమ్ చేయకుండా వచ్చిన లారీది, ఎంత రోడ్డుది? వందను పంచండి" అంది. పంచుతూ కూర్చుంటే నా వాటా మొదట ఎనభై, చివరికి పదిహేను. సున్నా కాలేదు. సున్నా అని ఎవరన్నా అంటే నేను నమ్మేవాణ్ని కాదు, పదిహేను కాబట్టే నమ్మాను.

మన వైపు అప్పు తీర్చేశాక ప్రామిసరీ నోటు మీద చెల్లు రాయించుకుంటారు. డబ్బు కట్టేసినా చెల్లు పడకపోతే ఆ నోటు పట్టుకుని మనిషి మళ్లీ మళ్లీ గుమ్మంలోకి వస్తాడు. గాయం జ్ఞాపకం అలాంటి నోటే. మామూలు జ్ఞాపకానికి ఫలానా రోజు జరిగింది, అయిపోయింది అని మెదడు ముద్ర వేస్తుంది, విపరీతమైన భయంలో నమోదైనదానికి ఆ ముద్ర సరిగా పడదు, అందుకే హారన్ వినగానే అది గుర్తుకు రావడం కాదు, మళ్లీ జరుగుతుంది. కళ్లు మూసుకుని మళ్లీ మళ్లీ చెప్పించే పద్ధతిని ఎడ్నా ఫోవా అనే సైకాలజిస్టు తీర్చిదిద్దింది. 'నా వల్లే' లాంటి ఇరుక్కుపోయిన నమ్మకాల మీద పని చేసే పద్ధతి పట్రీషియా రెసిక్‌ది, మొదట అత్యాచార బాధితుల కోసం తయారైంది, సాధారణంగా పన్నెండు సెషన్లు. 1987లో ఫ్రాన్సిన్ షపీరో మొదలెట్టిన ఈఎండీఆర్‌లో జ్ఞాపకాన్ని తలచుకుంటూ థెరపిస్టు వేలు కదిలినవైపు కళ్లు కదపాలి. వినడానికి మంత్రంలా ఉంటుంది కానీ పని చేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో కూడా ఉంది. కళ్లు కదపడం వల్ల ఒరిగేది ఎంత, జ్ఞాపకాన్ని ఎదుర్కోవడం వల్ల ఒరిగేది ఎంత అనే వాదన మాత్రం ఇంకా తెగలేదు. నేను రెండోదానివైపే.

ఇక్కడ ఒక అపోహ. ప్రమాదమో చావో జరగగానే "ఏడ్చెయ్, లోపలున్నదంతా కక్కెయ్" అని వెంటపడతాం. దెబ్బ తగిలిన కొద్ది రోజుల్లోనే అందర్నీ ఒకసారి కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పించడం ఒకప్పుడు చాలా దేశాల్లో వైద్యంగా కూడా చేశారు, పరీక్షించి చూస్తే అది తర్వాతి జబ్బును ఆపడం లేదని తేలింది. చాలామంది కొన్ని వారాల్లో, నెలల్లో, తిండీ నిద్రా నలుగురు మనుషులూ ఉంటే తామే తేరుకుంటారు. పీటీఎస్‌డీ (పెద్ద దెబ్బ తర్వాత వదలకుండా వెంటాడే జబ్బు) అని పేరు పెట్టడానికి కనీసం నెల దాటాలి. ఆ పేరు కూడా పాతదేం కాదు, వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లు, వాళ్ల కోసం పోరాడినవాళ్లు గట్టిగా పట్టుబట్టాక 1980లో అమెరికా మనోవైద్యుల పుస్తకంలోకి ఎక్కింది. చిన్నప్పుడు ఇంట్లోనే ఏళ్ల తరబడి జరిగిన హింస సంగతి వేరు. ఒక రాత్రి జరిగిన ప్రమాదంలా దానికి మొదలూ చివరా ఉండవు, పన్నెండు వారాల లెక్కలూ అంత తేలిగ్గా కుదరవు, ముందు భద్రత, నిలకడ, తర్వాతే పాత సంగతులు అని అమెరికా మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో చెప్పింది, అంతకాలం ఆగాలా అని ఇప్పుడు కొందరు ప్రశ్నిస్తున్నారు.

ఇక సంబంధాలు. మొగుడితోనో తల్లితోనో గొడవ ఉంటే ఒక్క మనిషే వెళ్లి కూర్చుని ఏం లాభం, రెండోవాళ్లు రావద్దా అంటారు. వస్తే మంచిదే, దానికి జంటల థెరపీ వేరే ఉంది. కానీ ఒక్కరే వెళ్లినా పనవుతుంది, ఎందుకంటే మనం బయట మనుషులతో ఎలా ఉంటామో నాలుగు వారాలు తిరిగేసరికి ఆ గదిలో కూడా అలాగే ఉండటం మొదలెడతాం.

ఊహించి చెప్తున్నా, ఒకావిడ అనుకోండి. అందరికీ అన్నీ చేస్తుంది, ఎవర్నీ ఏమీ అడగదు, ఆర్నెల్లకోసారి ఉన్నట్టుండి గిన్నెలు విసిరేస్తుంది, "ఏమైంది నీకు?" అని ఇంట్లోవాళ్లు తెల్లబోతారు. ఒకరోజు థెరపిస్టు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చి సారీ చెబుతుంది. ఈవిడ "ఫర్లేదండి" అంటుంది. "నిజంగా ఫర్లేదా?" "అయ్యో, ఫర్లేదండీ, మీకు ఎన్ని పనులో." థెరపిస్టు అక్కడ వదలదు. "ఈ పది నిమిషాలకూ మీరు డబ్బు కట్టారు. బయట కుర్చీలో కూర్చున్నప్పుడు ఏమనిపించింది?" చాలాసేపు మౌనం. తర్వాత, "నేను రావడం మర్చిపోయారేమో అనుకున్నా." ఇంకాసేపటికి, "చిన్నప్పుడు హాస్టల్లో ఆదివారం గేటు దగ్గర కూర్చునేదాన్ని." ఈ ఒక్క 'ఫర్లేదండి' కింద పాతికేళ్లు ఉన్నాయి. అడిగితే విసుక్కుంటారు, కాబట్టి అడగకూడదు అని ఏడో క్లాసులో నేర్చుకున్న పాఠం అప్పుడు ఆమెను కాపాడింది, ఇప్పుడు కాపురాన్ని తింటోంది. పసితనంలో దగ్గరివాళ్లతో కుదిరిన తీరే పెద్దయ్యాక బంధాల మీద మన అంచనాలకు అచ్చు అవుతుందని ఇంగ్లండులో మనోవైద్యుడు జాన్ బౌల్బీ, ఆయనతో పనిచేసిన మేరీ ఎయిన్స్‌వర్త్ చెప్పింది ఇదే. అచ్చు మారదని వాళ్లు అనలేదు. ఈవిడ ఆ గదిలో మొదటిసారి "మీరు ఆలస్యంగా వస్తే నాకు కోపం వచ్చింది" అంటుంది, ఎదుటి మనిషి విసుక్కోదు, లేచి వెళ్లిపోదు. స్ట్రాతో ఊపిరి పీల్చినట్టే ఇదీ, ఒళ్లు తానుగా చూసుకుంటోంది.

హాస్టల్ అని ఊరికే అనలేదు. పది అవగానే రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో వేయడం, అమ్మానాన్నలు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటే పిల్లలు తాతయ్య దగ్గర పెరగడం మనకెంత మామూలో, అందులో గాయం ఉండొచ్చన్న ఆలోచనే రానంత మామూలు. అందరికీ గాయమవుతుందనీ కాదు. ఇంకో మాట, ఇంట్లో చెయ్యి చేసుకునే మనిషి ఉన్నప్పుడు 'సర్దుకుపోవడం నేర్పే' థెరపీ థెరపీ కాదు. అక్కడ ముందు కావాల్సింది భద్రత, మహిళా హెల్ప్‌లైన్ 181, 2005 నాటి గృహహింస చట్టం, ఆ తర్వాతే మనసు సంగతి.

థెరపిస్టుతో బంధమే సగం మందు అంటారు. సగమో కాదో గానీ, ఏ పద్ధతిలో చూసినా ఆ బంధం బాగున్నచోట ఫలితం బాగుంటోందన్నది మాత్రం మళ్లీ మళ్లీ తేలిన విషయం. ఎడ్వర్డ్ బోర్డిన్ అనే అమెరికా సైకాలజిస్టు 1979లో దాన్ని మూడు ముక్కలు చేశాడు: ఎక్కడికి వెళ్లాలో ఇద్దరికీ ఒప్పుదల, ఎలా వెళ్లాలో ఒప్పుదల, నమ్మకం. మనవాళ్లతో తిరకాసు మూడోదాంట్లో కాదు, మొదటి రెండింట్లో. మనం వెళ్లేది సలహాకు. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారో చెప్పండి మేడమ్" అంటాం. చెప్పకపోతే ఈమెకేమీ తెలియదనుకుంటాం, చెప్తే చుట్టరికం కలిపేస్తాం, మీదే ఊరండీ అని అడుగుతాం, పండక్కి అరిసెలు పట్టుకెళ్తాం. మన దేశంలో థెరపిస్టును గురువులా చూస్తారు, దాన్ని తోసిపుచ్చకుండా వాడుకోవచ్చని జె.ఎస్. నేకీ అనే మనోవైద్యుడు 1973లోనే రాశాడు. నాకది సబబుగానే అనిపిస్తుంది, మొదట్లో ఒకటి రెండు సలహాలు ఇస్తే కొంపేం మునగదు. అరిసెలు మా ఆవిడ (థెరపిస్టు) తీసుకుంది, సగం కింద మెడికల్ షాపులో ఇచ్చింది.

భాష ఇంకో చిక్కు. హైదరాబాదులో చాలామంది థెరపిస్టులు ఇంగ్లిషులోనే మాట్లాడతారు, మనమూ మర్యాదగా ఇంగ్లిషులోనే ఏడుస్తాం. ఇంగ్లిషులో బాధ చెప్పుకుంటే నొప్పి తగ్గినట్టుంటుంది, అదే దాని అపాయం కూడా. "దాటెయ్ రా" అన్న మాటను నేను ఇంగ్లిషులో చెప్పి ఉంటే అది ఆ మాట అయ్యేదే కాదు. తెలుగులో మాట్లాడతారా అని మొదటి ఫోన్‌లోనే అడగండి, అందులో సిగ్గుపడేదేం లేదు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత ఎండీ చదివిన డాక్టరు, మందులు రాస్తాడు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, థెరపీ చేస్తారు, వాళ్లకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడగొచ్చు. కౌన్సెలర్ అనే బోర్డు మాత్రం ఎవరైనా పెట్టేసుకుంటున్నారు, మంచివాళ్లూ ఉన్నారు, నా మొదటి ఆయనలాంటివాళ్లూ ఉన్నారు. ఖర్చు ప్రైవేటులో సెషన్‌కు సుమారు వెయ్యి నుంచి మూడు వేల దాకా ఉంటోంది, ఇది చిన్న మాట కాదు, పన్నెండు సెషన్లంటే చాలా ఇళ్లల్లో నెల జీతం. ఎర్రగడ్డ, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో సేవలున్నాయి, కానీ ఎర్రగడ్డ అనే ఊరి పేరునే తిట్టుగా మార్చుకున్నాం కాబట్టి ఆ గేటు దాటడానికి ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. ఫోన్లోనైతే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్, 14416, 2022 అక్టోబర్ 10న మొదలైంది, రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అది వారం వారం చేసే థెరపీకి బదులు కాదు గానీ, అర్ధరాత్రి చచ్చిపోవాలనిపిస్తున్నప్పుడు మొదట చేయాల్సిన ఫోన్ అదే. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో ప్రతి వంద మంది పెద్దల్లో పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉందని, వాళ్లలో అత్యధికులకు చికిత్సే అందడం లేదని తేలింది. ఆ పన్నెండింటిలో మన రెండు రాష్ట్రాలూ లేవు.

చెప్పింది బయటికి పోదా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 23 గోప్యతను హక్కుగా రాసింది. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు మినహాయింపు, కోర్టు అడిగినప్పుడూ అంతే. ఫీజు కట్టేది నాన్నైనా, "మావాడు ఏం చెప్పాడమ్మా?" అని ఫోన్ చేస్తే థెరపిస్టు చెప్పకూడదు. చెప్పేవాళ్లయితే మార్చేయండి. అప్పు అడిగినా, బయట కలుద్దామన్నా, ఒంటి మీద చెయ్యి వేసినా ఆలోచించకుండా లేచి వచ్చేయండి.

మందుల గురించి కాస్త. డిప్రెషన్, యాంగ్జైటీలకు రోజూ వాడే ఎస్ఎస్ఆర్ఐ మాత్రలు పని మొదలెట్టడానికి కొన్ని వారాలు పడుతుంది, చాలామందికి థెరపీతో పాటు అవి అవసరమే, డాక్టరుకు చెప్పకుండా టక్కున ఆపకూడదు. ఆల్ప్రజోలం లాంటి గాభరాను అణిచే మత్తు మాత్రలు వేరే జాతి. అరగంటలో హాయి, అందుకే చిక్కు, భయానికి అంతకంటే మంచి కూలి ఏముంది? అలవాటు పడితే మానడం ఎంత నరకమో తెలంగాణలో కల్తీ కల్లు తాగినవాళ్ల కుటుంబాలకు తెలుసు, ఆ కల్లులో కలిపేవాటిలో ఈ మందూ ఉంటుంది. బస్సెక్కే ముందు ఒక మాత్ర వేసుకోనా అని నేనూ అడిగాను. "వేసుకుంటే బస్సెక్కింది మీరో మాత్రో మీకు తెలియదు కదా" అంది.

మొదటి నెల ఘోరంగా ఉంటుందని నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. కట్టు విప్పి చూస్తున్నాం కదా, నిద్ర ఇంకా పాడైంది, ఆరో సెషన్ తర్వాత రెండు రోజులు అన్నం సయించలేదు. చాలామంది అక్కడే మానేస్తారు. పూర్తిగా చేసినా అందరికీ తగ్గదు, తగ్గినవాళ్లకు కూడా మళ్లీ తిరగబెట్టొచ్చు. ఎనిమిది, పది వారాలైనా ఏ మార్పూ లేకపోతే, ఆమెకు అర్థం కావడం లేదనిపిస్తే, చెప్పాపెట్టకుండా మానేయడం మన పద్ధతి, ఫోన్ ఎత్తం, అంతే. అది కూడా తప్పించుకోవడమే. వెళ్లి 'నాకు ఉపయోగపడటం లేదండీ' అని మొహం మీదే చెప్పండి. సరైన మనిషైతే పద్ధతి మారుస్తుంది, లేకపోతే ఇంకొకరి పేరు చెబుతుంది.

పదకొండో సెషన్ అయ్యాక చౌటుప్పల్ వెళ్లాను, ఒక్కణ్నే, కుడివైపు కిటికీ పక్కన. హయత్‌నగర్ దాటేదాకా తొంభై, ఆ మలుపు దగ్గర ఎనభై, దిగి రోడ్డు పక్కన చెరుకు రసం తాగేటప్పుడు నలభై. నెల తర్వాత అదే బస్సులో దిగకుండా సూర్యాపేట దాకా పోయాను. బావ బస్టాండుకు వచ్చాడు. టీ కొట్టు దగ్గర వాడికి దాటెయ్ రా సంగతి చెప్పాను, మూడో మనిషికి చెప్పడం అదే మొదటిసారి. అనుకున్నట్టే "ఛీ ఛీ, నీ తప్పేం లేదు" అన్నాడు. "పదిహేను శాతం ఉంది బావా" అన్నాను. వాడికి అర్థం కాలేదు, ఇంకో టీ చెప్పాడు.